పాలు ఉన్నాయి, కడుపులోకి వెళ్ళలేదు: కామెర్లతో వచ్చిన ఐదో రోజు బాబు కేసు

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి ఆ బాబుని తీసుకొచ్చారు. బుధవారం పొద్దున్న ఏడున్నరకి సిజేరియన్‌తో పుట్టాడు. అంటే 103 గంటల వయసు. అప్పుడే పుట్టినవాళ్ళ కామెర్ల దగ్గర మేం వయసుని రోజుల్లో కాదు, గంటల్లో లెక్కేస్తాం. ఎందుకో కింద చెబుతాను.

టర్కీ తువ్వాల్లో చుట్టి అమ్మమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాలింత పక్కనే ఉంది. చెవుల్లో దూది, తలకి స్కార్ఫు, కుట్ల నొప్పితో కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. 23 ఏళ్ళ అమ్మాయి, తొలి కాన్పు. ఆ అమ్మాయి నోరు విప్పకముందే అమ్మమ్మ అందుకుంది: "మావాడు బుద్ధిమంతుడండీ డాక్టరమ్మా, అసలు ఏడవడు. పాలకి కూడా లేవడు, పడుకునే ఉంటాడు. పక్కింటావిడ చూసి పసికర్లు కమ్మినట్టున్నాయి, ఒకసారి చూపించండి అంటే వచ్చాం."

ఆ పక్కింటావిడకి ఈ కుటుంబం ఎంతో రుణపడి ఉంది. ఐదో రోజు బిడ్డ ఏడవడు, పాలకి లేవడు అని ఎవరైనా మురిపెంగా చెబితే నాకు గుండె ఝల్లుమంటుంది. ఆ వయసు బిడ్డ రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలకి లేవాలి. లేవట్లేదంటే నెమ్మదస్తుడని కాదు, ఓపిక లేదని.

(కుటుంబం ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. వాళ్ళని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.)

చూసినప్పుడు

బట్టలన్నీ విప్పి తూకం వేశాం. 2,400 గ్రాములు. పుట్టినప్పటి కార్డులో 2,740 ఉంది. 340 గ్రాములు పోయాయి, అంటే 12 శాతం పైన. పుట్టిన బిడ్డ మొదటి మూడు నాలుగు రోజుల్లో కాస్త తగ్గడం మామూలే. ఏడు శాతం దాటితే పాలు ఎలా పడుతున్నారో చూడాలి, పది దాటితే ఆగకూడదు. పన్నెండు అంటే బిడ్డ పస్తులున్నట్టే.

కిటికీ దగ్గర వెలుతురులో ఛాతీ మీద వేలితో నొక్కి వదిలితే చర్మం పసుపు పూసినట్టు కనబడింది. అరికాళ్ళు కూడా పచ్చగానే ఉన్నాయి. నాలుక పొడిబారింది, మాడు కొద్దిగా లోపలికి ఉంది. అరికాలు తడితే కళ్ళు తెరిచి సన్నగా ఏడ్చి మళ్ళీ పడుకున్నాడు. కీచుమనే ఏడుపు లేదు, ఒళ్ళు విల్లులా వెనక్కి వంచడం లేదు, చేతులూ కాళ్ళూ మరీ వేలాడిపోవడం లేదు. కామెర్లకి కారణమైన పసుపు పదార్థం, అంటే బిలిరుబిన్, మెదడుకి ఎక్కుతోందనడానికి అవి గుర్తులు. అవి లేనందుకు ఊపిరి పీల్చుకున్నాను.

డైపర్ విప్పితే తడి పెద్దగా లేదు. మధ్యలో రూపాయి బిళ్ళంత ఇటుకపొడి రంగు మరక. అమ్మమ్మ గాభరాపడి "రక్తమా?" అంది. రక్తం కాదు, మూత్రం బాగా చిక్కబడినప్పుడు దిగే యూరేట్ స్ఫటికాలు. మొదటి రెండు రోజుల్లో కనబడితే పట్టించుకోనక్కర్లేదు. ఐదో రోజు కనబడిందంటే లోపలికి పాలు పోవట్లేదని బిడ్డ తనకు తెలిసిన భాషలో చెబుతున్నట్టు. మలం ఎలా ఉందని అడిగితే నిన్న రాత్రి కొంచెం నల్లగా, జిగటగా వెళ్ళాడన్నారు. ఐదో రోజుకి ఆవపిండి రంగులో, గింజలు గింజలుగా, రోజుకి మూడుసార్లైనా వెళ్ళాలి. ఈ బాబు కడుపులో మెకోనియం, అంటే పుట్టకముందు నుంచి పేగులో ఉన్న నల్లటి మలం, ఇంకా ఖాళీ కాలేదు.

రక్త పరీక్షలో మొత్తం బిలిరుబిన్ డెసిలీటరుకి 20.4 మిల్లీగ్రాములు, అందులో డైరెక్ట్, అంటే కాలేయం అప్పటికే సర్దిన భాగం, 0.8. సోడియం 152, ఎక్కువే, ఒంట్లో నీళ్ళు తగ్గాయని అర్థం. తల్లిదీ బిడ్డదీ ఒకే గ్రూపు, బి పాజిటివ్. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తకణాల్ని పట్టుకున్నాయేమో చూసే కూంబ్స్ పరీక్ష నెగెటివ్, రక్తకణాల్ని కాపాడే ఎంజైము జీ6పీడీ మామూలు, హిమోగ్లోబిన్ బాగుంది, ఇన్‌ఫెక్షన్ ఆనవాళ్ళు లేవు. రక్తకణాలు అతిగా చితికిపోవడం లేదు, సెప్సిస్ (రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్) కాదు. ఇక మిగిలింది ఆకలి.

ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగింది

ఈ భాగమే కేసుకి ప్రాణం. ఎక్స్‌రేలూ స్కానులూ చెప్పనిది అమ్మనీ అమ్మమ్మనీ కూర్చోబెట్టి గంట గంటకీ అడిగితే తెలిసింది.

ఉమ్మనీరు తక్కువగా ఉంది, ఎలాగూ ఆపరేషనే అన్నారని మంచి ముహూర్తం పెట్టించుకున్నారు. అది 37 వారాల ఒక రోజుకి పడింది. తొమ్మిదో నెల వచ్చేసింది కదా అనుకుంటాం. కానీ 37 వారాల బిడ్డకీ 39 వారాల బిడ్డకీ పాలు తాగే ఓపికలో చాలా తేడా ఉంటుంది. ముందుగా వచ్చినవాళ్ళు రెండు గుటకలకే అలిసి నిద్రపోతారు, వాళ్ళ కాలేయం బిలిరుబిన్‌ని సర్దడానికి ఇంకా అలవాటుపడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లే, తెలంగాణలో 60 శాతం పైన. సిజేరియన్ తప్పనివాళ్ళకి తప్పదు. దాన్ని ముహూర్తం కోసం రెండు వారాలు ముందుకి జరపడం మాత్రం తప్పించుకోవచ్చు.

ఆపరేషన్ అయ్యాక బిడ్డని తల్లి రొమ్ముకి పెట్టింది సాయంత్రం నాలుగున్నరకి. తొమ్మిది గంటలు. అందాకా గ్లూకోజు నీళ్ళు దూదితో పిండారు, నాలుకకి తేనె రాశారు, కడుపు శుభ్రం కావాలని ఒక చుక్క ఆముదం వేశారు. రెండో రోజు తల్లికి ముర్రుపాలు చుక్కలుగా వస్తున్నాయి. ఆ చుక్కలు చూసి అందరూ "పాలు పడలేదు" అనేశారు. నిజానికి ఆ రోజుల్లో బిడ్డ కడుపుకి ఆ చుక్కలే లెక్క, ఒక్కో విడతకి చిన్న స్పూన్లతో కొలిచేంత. కానీ అవి తరచుగా పడాలి. ఇక్కడ రోజుకి నాలుగైదుసార్లే పెట్టారు. రాత్రిళ్ళు సీసాతో డబ్బాపాలు 20 మిల్లీలీటర్లు పట్టి పడుకోబెట్టారు, బాలింత పడుకోవాలని. ఆ ఉద్దేశం మంచిదే. కానీ రొమ్ము ఖాళీ అయితేనే మళ్ళీ నిండుతుంది.

శనివారం పొద్దున్న డిశ్చార్జి చేసి పంపారు. వెళ్ళేటప్పుడు బిడ్డని తూచలేదు, బిలిరుబిన్ చూడలేదు, పాలివ్వడం ఎవరూ పక్కన కూర్చుని చూడలేదు. ఇంటికి వచ్చాక సీసా ఆపేశారు, తల్లిపాలే మంచిదని ఎక్కడో విన్నారట. అది సరైన మాటే. అయితే బిడ్డ రొమ్ము పట్టడం రాకుండానే సీసా ఆగింది. అప్పటినుంచి దాదాపు ముప్పై గంటలు అతని కడుపులోకి వెళ్ళింది ఎంతో ఎవరికీ తెలీదు.

ఇంకో సంగతి. ఆస్పత్రిలో కాన్పు అయిన బిడ్డని ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్ళి చూడాలి, తూకం వేయాలి. ఈ అమ్మాయి పేరు అత్తగారి ఊరి ఆశా పుస్తకంలో ఉంది. తొలి కాన్పు కాబట్టి పుట్టింట్లో ఉంది. పుట్టింటి ఊరి ఆశాకి ఈ కాన్పు సంగతే తెలీదు. మన దగ్గర తొలి కాన్పులు చాలావరకు పుట్టింట్లోనే కదా, మరి ఇలా జారిపోయే పిల్లలు ఎంతమందో అని నాకు చాలా దిగులు. పురిటికి పుట్టింటికి వచ్చిన రోజే అక్కడి ఆశాకి ఒక మాట చెబితే ఈ ఖాళీ పూడుతుంది.

పాలకీ పచ్చదనానికీ లింకు

పుట్టిన పిల్లల్లో ఎర్ర రక్తకణాలు ఎక్కువ, వాటి ఆయుష్షు పెద్దవాళ్ళ కణాల కంటే తక్కువ. అవి చితికినప్పుడు వచ్చే పసుపు పదార్థమే బిలిరుబిన్. కాలేయం దాన్ని పట్టుకుని పేగులోకి తోస్తుంది, మలంతో బయటికి పోవాలి. నెలలు నిండిన పిల్లల్లో కూడా సగానికి పైగా మందిలో మొదటివారంలో కొంత పచ్చదనం కనబడేది ఇందుకే. మూడు నుంచి ఐదు రోజుల మధ్య అది పతాకస్థాయికి చేరుతుంది. ఒకే 12 అన్న అంకె 20 గంటల బిడ్డలో ప్రమాదం, 90 గంటల బిడ్డలో మామూలు. అందుకే గంటల లెక్క.

ఇప్పుడు పాలు చాలకపోతే ఏమవుతుందో చూడండి. పేగు కదలదు. నల్లటి మెకోనియం లోపలే ఉండిపోతుంది, దాని నిండా బిలిరుబిన్. పేగులోని ఒక ఎంజైము దాన్ని విడదీస్తుంది, విడిపోయింది తిరిగి రక్తంలోకి పీల్చుకుపోతుంది. కాలేయం ఒకవైపు ఎత్తిపోస్తుంటే ఇంకోవైపు నుంచి మళ్ళీ వచ్చి చేరుతుంది. గ్లూకోజు నీళ్ళు పడితే కామెర్లు కడిగేసినట్టు పోతాయనుకుంటారు. పోవు. బిలిరుబిన్ పోవాల్సిన దారి మూత్రం కాదు, మలం. పేగుని కదిలించేది పాలు. నీళ్ళు కడుపుని నింపి, ఆ పాలకి చోటు లేకుండా చేస్తాయి.

కాబట్టి ఈ బాబుకి కామెర్లు తల్లిపాల వల్ల రాలేదు. తల్లిపాలు అందకపోవడం వల్ల వచ్చాయి. ఈ రెండు మాటలూ చెవికి దగ్గరగా వినిపిస్తాయి గానీ వైద్యం దగ్గర పూర్తిగా ఎదురెదురు.

ఆ సాయంత్రం, నా పొరపాటు

20.4 అంటే 37 వారాల బిడ్డకి ఆ గంటల్లో నీలి లైటు కింద పెట్టి వైద్యం చేయాల్సిన గీత దాటినట్టే. బిడ్డ రక్తాన్ని తీసి వేరే రక్తం ఎక్కించాల్సిన రక్తమార్పిడి గీతకి ఇంకా దూరం ఉంది. మూడున్నరకల్లా పైనా కిందా ఎల్‌ఈడీ లైట్లు పెట్టి, కళ్ళకి గంతలు కట్టి, డైపర్ ఒక్కటి ఉంచి పడుకోబెట్టాం. కేస్‌షీట్‌లో రాశాను: రెండు గంటలకోసారి రొమ్ముకి పెట్టండి, ఆ తర్వాత పిండిన పాలు 30 మిల్లీలీటర్లు ఉగ్గుగిన్నెతో పట్టండి, అవి చాలకపోతే మిగతాది ఫార్ములా, అంటే డబ్బాపాలు.

రాసి వెళ్ళిపోయాను. ఓపీలో జనం ఉన్నారు.

రాత్రి ఎనిమిదిన్నరకి రౌండ్స్‌కి వచ్చేసరికి చార్టులో మూడుసార్లు "రొమ్ముకి పెట్టాం" అని ఉంది, మూడుసార్లూ ఫార్ములా అని కూడా ఉంది. పిండిన పాలు అన్న గడిలో 3, 5, 0. తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఏడుస్తోంది. "నా పాలు నా బిడ్డకి చాలవండీ" అంది. వాళ్ళమ్మ "దీనికి పాలు పడే యోగం లేదు, మా అక్కకీ ఇంతే" అంటోంది.

ఆ సాయంత్రం ఫార్ములా ఇవ్వడం తప్పు కాదు. సోడియం 152తో, 12 శాతం తగ్గిన బిడ్డకి పిండిన పాలు దొరక్కపోతే ఫార్ములా మందులాంటిది, ఇవ్వాల్సిందే, భయపడకూడదు. తల్లిపాల మీద అభిమానంతో బిడ్డని ఆకలికి వదిలేసినవాళ్ళని నేను చూశాను, అది క్షమించరానిది. నా తప్పు వేరే. మొదటి విడత పాలివ్వడం నేను కళ్ళతో చూడలేదు. లైటుకి ఎన్ని వాట్లో, ఎంత ఎత్తులో ఉందో దగ్గరుండి చూసుకున్నాను, పాల దగ్గర మాత్రం కాగితం మీద ఆర్డరు వేసి ఊరుకున్నాను. ఐదు గంటలు పోయాయి, ఆ అమ్మాయికి ధైర్యం కూడా పోయింది.

అప్పుడు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను.

ఆ నలభై నిమిషాలు

రొమ్ములు చూస్తే విషయం అర్థమైంది. రెండూ రాళ్ళలా గట్టిపడి, చర్మం మెరుస్తోంది. పాలు పడకపోవడం ఏంటి, నిన్నటినుంచి పడి, బయటికి రాలేక గడ్డకట్టి ఉన్నాయి! చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిగుసుకుపోయి, మొన చదునైపోయింది. నిండా ఊదిన బెలూన్‌ని నోటితో పట్టుకోమంటే ఎవరికైనా ఎలా కుదురుతుంది? బాబు మొన అంచు మాత్రం చప్పరించి, ఏమీ రాక, అలిసి నిద్రపోయేవాడు. నోట్లోంచి తీశాక మొన కలం పాళీలా ఒకవైపు నొక్కుకుపోయి, కొసన చిన్న పగులు.

ముందు గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రెండు మూడు నిమిషాలు పెట్టాం. తర్వాత రెండు చేతుల వేళ్ళ కొసల్ని మొన చుట్టూ పువ్వు రేకుల్లా ఆనించి, ఛాతీవైపు మెల్లగా నొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోమన్నాను. వాపు వెనక్కి జరిగి, నల్లటి భాగం మెత్తబడింది. ఇక పిండటం. అప్పటిదాకా ఆ అమ్మాయి మొననే పట్టుకుని లాగుతోంది, అందుకే నొప్పి తప్ప పాలు లేవు. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, మొనకి రెండు వేళ్ళ వెడల్పు దూరంలో పెట్టి, ముందు ఛాతీవైపు నొక్కి, తర్వాత వేళ్ళు ఒకదానివైపు ఒకటి నొక్కి, వదలాలి. చర్మం మీద జార్చకూడదు. నొక్కు, వదులు, నొక్కు, వదులు.

మొదటి నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో చిక్కటి పసుపు చుక్క ఒకటి. ఆ తర్వాత ఆ అమ్మాయి ఒక్కసారి భుజాలు వదిలేసింది, పాలు చేపుకొచ్చాయి. మూడు నాలుగు సన్నటి ధారలు గిన్నె అంచుకి కొట్టుకుంటూ "సర్‌ర్" మని శబ్దం. అమ్మమ్మ లేచి నిలబడింది. ఎడమవైపు 22 మిల్లీలీటర్లు, కుడివైపు 18. నలభై మిల్లీలీటర్లున్న ఆ స్టీలు గిన్నెని తల్లి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

రొమ్ము మెత్తబడ్డాక బాబుని చంకలో పుస్తకం పెట్టుకున్నట్టు పక్కకి పట్టించాం, కుట్ల మీద బరువు పడకుండా. తల్లి వంగడం కాదు, బిడ్డని రొమ్ము దగ్గరికి తేవాలి. మొనని అతని పై పెదవికి తాకించి ఆగమన్నాను. నోరు ఆవలించినంత వెడల్పుగా తెరిచిన క్షణంలో గడ్డం ముందు తగిలేలా దగ్గరికి తీసుకుంది. కింది పెదవి బయటికి మడిచి ఉంది, గడ్డం రొమ్ములోకి పొదిగి ఉంది. మొదట గబగబా చప్పరించాడు. తర్వాత లయ మారింది. దవడ కిందికి దిగి, ఒక్క క్షణం ఆగి, "క్" మని చిన్న శబ్దం.

"అదిగో, అది గుటక. ఇక నుంచి నిమిషాలు లెక్కపెట్టకు తల్లీ, గుటకలు లెక్కపెట్టు" అన్నాను. నిద్రలోకి జారుతుంటే రొమ్ముని చేత్తో మెల్లగా అదిమితే పాలు నోట్లో పడి మళ్ళీ గుటక వేసేవాడు. ఆ తర్వాత పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టాం. మనకి ఉగ్గుగిన్నె ఉండటం ఎంత అదృష్టమో! సన్నటి ముక్కున్న ఈ గిన్నెతో పట్టితే బిడ్డ రొమ్ము మర్చిపోడు, సీసా కంటే కడగడం తేలిక. వాళ్ళింట్లో వెండిది ఉంది, ఈ తల్లి చంటిబిడ్డగా తాగిందే. మర్నాడు తెప్పించి, నీళ్ళలో మరిగించి అదే వాడాం.

అన్నట్టు, ఆ అమ్మాయికి పథ్యం పేరుతో వేయించిన కారం అన్నం, గొంతు తడుపుకోవడానికి రెండు గుక్కల నీళ్ళు, అంతే. బాలింత నీళ్ళు తాగితే బిడ్డకి జలుబు చేయదు, కుట్లు చీము పట్టవు. లీటర్లు లీటర్లు తాగితే పాలు ఎక్కువ పడతాయనీ కాదు. దాహం తీరేదాకా తాగాలి, కడుపు నిండా తినాలి. పప్పులో పసుపు తింటే బిడ్డ పచ్చబడతాడన్న భయం కూడా వద్దు, ఆ పసుపుకీ ఈ పచ్చదనానికీ సంబంధం లేదు.

లైటు, ఎండ

వాళ్ళు రెండు పూటలు గేటు దగ్గర పొద్దున్న ఎండలో పెట్టారు. ఈ ఆలోచన పూర్తిగా గాలిలోది కాదు. 1950ల్లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు నెలలు నిండని పిల్లల్ని ఆరుబయట ఎండలో తిప్పేది. ఒక బిడ్డ ఒళ్ళంతా తెల్లబడి, దుప్పటి కప్పిన చోట మాత్రం పచ్చగా మిగలడం చూసి డాక్టర్లకి చూపించింది. అక్కడి క్రీమర్ బృందం 1958లో కాంతి వైద్యాన్ని ప్రచురించింది. ఈ రోజు మన వార్డుల్లోని నీలి లైట్లకి మూలం ఆ నర్సు చూపు. కానీ పనిచేసేది ఎండ వేడి కాదు, అందులోని 460–490 నానోమీటర్ల నీలి వెలుగు. అది బిలిరుబిన్ ఆకారాన్ని మార్చి, కాలేయం దాన్ని మార్చాల్సిన పని లేకుండానే బయటికి పోయేలా చేస్తుంది. గేటు దగ్గర బట్టల్లో చుట్టి పావుగంట పెడితే 20 ఉన్న బిడ్డకి ఏమీ సరిపోదు. విప్పి పెడితే చర్మం కమిలిపోవచ్చు, ఒళ్ళు చల్లబడిపోవచ్చు. అన్నిటికంటే పెద్ద నష్టం, వైద్యం చేస్తున్నామన్న నమ్మకంతో రెండు రోజులు గడిచిపోవడం.

లైటు కింద ఉన్న బిడ్డని పాలకి తీయొచ్చా అని ప్రతి తల్లీ అడుగుతుంది. తీయాలి. మొదటి ఆరు గంటలు మాత్రం అంకె మరీ ఎక్కువ కాబట్టి రొమ్ముకి పెట్టే కాసేపు తప్ప మిగతా పాలు లైటు కిందే ఉగ్గుగిన్నెతో పట్టాం. తర్వాత విడతకి అరగంట బయటికి. అప్పుడు కళ్ళ గంతలు తీసేయమంటాను. తల్లీబిడ్డా ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి బిలిరుబిన్ 19.2. సోమవారం పొద్దున్న ఆరుకి 16.9, సోడియం 148. మధ్యలో తెల్లవారుజామున డ్యూటీ సిస్టర్ డైపర్ పట్టుకుని డ్యూటీ గదిలోకే వచ్చేసింది, మొహం వెలిగిపోతోంది. ఆకుపచ్చటి మలం, డైపర్ నిండా. సాయంత్రానికి అది పసుపు రంగుకి తిరిగింది. సోమవారం సాయంత్రం నాలుగుకి 14.1, సోడియం 145. రాత్రి పదకొండుకి 12.7, లైటు ఆపేశాం. సోమవారం మధ్యాహ్నం తర్వాత ఫార్ములా అవసరం పడలేదు. మంగళవారం సాయంత్రం మళ్ళీ చూస్తే 13.3. లైటు తీశాక ఆ కాస్త పెరగడం మామూలే. బుధవారం పొద్దున్న 2,530 గ్రాములతో ఇంటికి పంపాం.

పదిహేడో రోజు

కథ అక్కడితో అయిపోలేదు. పదిహేడో రోజు రాత్రి తొమ్మిదికి తల్లి ఫోన్ చేసింది. మొహం ఇంకా కాస్త పచ్చగానే ఉందని బంధువులు వేరేచోట చూపించారట. అక్కడ "ఇవి తల్లిపాల కామెర్లు, రెండు రోజులు పాలు ఆపి డబ్బాపాలు పట్టండి" అన్నారట. గొంతు వణుకుతోంది. "ఇంత కష్టపడి తెచ్చుకున్న పాలు ఆపేయాలా డాక్టరుగారూ?"

ఆపకమ్మా, పొద్దున్నే తీసుకురా అన్నాను.

వచ్చాక చూస్తే బుగ్గలు వచ్చాయి. 2,850 గ్రాములు, పుట్టిన బరువు దాటేశాడు. బిలిరుబిన్ 11.6, డైరెక్ట్ 0.6. మూత్రం డైపర్‌కి పసుపు మరక అంటించడం లేదు, మలం ఆవపిండి రంగులో ఉంది. థైరాయిడ్ మామూలు. ఐదో రోజు చూసినవి పాలు అందక వచ్చినవి. ఇవి మాత్రం నిజంగానే తల్లిపాల కామెర్లు, రెండో రకం. మొదటివారం తర్వాత బాగా పాలు తాగుతూ, బరువు పెరుగుతూ, హుషారుగా ఉన్న బిడ్డలో కనబడతాయి. తల్లిపాలు తాగే పిల్లల్లో పదిమందికి ఇద్దరు ముగ్గురిలో నాలుగో వారానికీ ఈ ఛాయ మిగిలే ఉంటుంది. కొందరిలో రెండు మూడు నెలల దాకా ఉండి దానంతటదే పోతుంది. ఒకప్పుడు వ్యాధి నిర్ధారణ కోసం రెండు రోజులు పాలు ఆపి చూసేవాళ్ళు, బిలిరుబిన్ చటుక్కున తగ్గేది కూడా. ఆ అలవాటు కొన్నిచోట్ల ఇంకా పోలేదు. ఆ రెండు రోజుల్లో ఎంతమంది తల్లులకి పాలు ఎండిపోయాయో ఎవరూ లెక్కేయలేదు.

అయితే "తల్లిపాల కామెర్లే" అని పరీక్ష లేకుండా అనేయడం కూడా నేను ఒప్పుకోను. రెండు వారాలు దాటి పచ్చదనం ఉన్న ప్రతి బిడ్డకీ డైరెక్ట్ బిలిరుబిన్ ఒక్కసారైనా చూడాలి, మలం రంగు డాక్టరు స్వయంగా చూడాలి. మలం సుద్దముక్కలా తెల్లగా ఉంటే, మూత్రం ముదురు పసుపులో ఉంటే అది పైత్యనాళాలు మూసుకుపోయే బిలియరీ అట్రీసియా కావచ్చు. దానికి ఆపరేషన్ 60 రోజుల లోపు అయితేనే ఫలితం బాగుంటుంది. తల్లిపాల మీద నెట్టేసి ఆ రోజులు పోగొట్టుకున్న పిల్లలున్నారు.

ఆరు వారాల టీకాలకి వచ్చినప్పుడు 3,700 గ్రాములు. కంటి తెల్లగుడ్డులో పలచటి ఛాయ తప్ప ఏమీ లేదు. 20 దాకా వెళ్ళిన బిడ్డ కాబట్టి వినికిడికి బేరా పరీక్ష చేయించాం, రెండు చెవులూ బాగున్నాయి. హాల్లో టోకెన్ కోసం ఎదురుచూస్తూ ఆ తల్లి చున్నీ కప్పుకుని పాలిస్తోంది. పక్కన కొత్త బాలింత ఎవరో ఏడుపుమొహంతో కూర్చుని ఉంటే, ఆ పిల్ల చెవిలో ఏదో చెప్పి, తన బాబు దవడ కదలడం వేలితో చూపిస్తోంది.

మా వార్డులో కామెర్ల కేస్‌షీట్ మొదటి వరుస ఇప్పుడు మార్చాం. బిలిరుబిన్ కంటే ముందు ఒక గడి ఉంటుంది: పాలివ్వడం ఎవరు చూశారు, ఎన్ని గంటలకి. అది నిండకుండా నేను ఓపీకి దిగను.